పొలిమేర దాటిన రోగి

మా మేనల్లుడు కెనడాలో రెజైనా అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వాడు రాలేదు గాని, వాడి కాలు విరిగిన వార్త వచ్చింది. ఇంటిముందు మంచుమీద జారిపడ్డాడట. చీలమండ విరిగింది. ఆసుపత్రిలో చేర్చుకొని, కోసి, లోపల మరలు బిగించి, మూడోనాడు ఇంటికి పంపేశారు. మా అక్కయ్య తెనాలినుంచి ఫోను చేసి, ఏడవడం పూర్తయ్యాక వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతయిందిరా?" అని.

"ఏమీ కాలేదమ్మా."

"కాలు విరిగితే ఏమీ కాలేదంటావేమిరా?"

"నువ్వడిగింది డబ్బు సంగతి గదా! డబ్బేమీ కాలేదు."

తరవాత కొన్నాళ్ళకి, ఆసుపత్రికి మోసుకుపోయిన అంబులెన్సు తాలూకు బిల్లు మటుకు తపాలాలో వచ్చిందట. అదొక్కటే. కోసినవాళ్ళూ, మత్తిచ్చినవాళ్ళూ, పడక ఇచ్చినవాళ్ళూ ఎవరూ వీణ్ణి కానీ అడగలేదు. మా అక్కయ్య ఆ దేశాన్ని దీవించింది. దీవించిన మర్నాడే ఆవిడకి పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. రెండేళ్ళ క్రితం వీడు స్నేహితుడి పెళ్ళికని మాంట్రియల్ వెళ్ళి, అక్కడ జ్వరం తగిలి, ఒక డాక్టరు దగ్గరకు వెళితే, కార్డు చూసి, "ఇది ఇక్కడ చెల్లదు, డబ్బు కట్టి రసీదు తీసుకుపో" అన్నారు. అదే దేశం. అదే కార్డు. కాలు విరిగితే ఉచితం, జ్వరం వస్తే డబ్బు. ఇదేమిటని ఆవిడ నన్నడిగింది.

నేను కాలేజీలో చెప్పేది తెలుగు. అయినా మా అక్కయ్య దృష్టిలో కాలేజీలో పాఠం చెప్పేవాడికి అన్నీ తెలియాలి, తెలియకపోతే తెలుసుకోవాలి. ఈ వారం నేను తెలుసుకొన్నది మీకూ చెబుతున్నాను.

వాడి జేబులో వున్నది కెనడా దేశపు కార్డు కాదు, సస్కాచెవాన్ రాష్ట్రపు కార్డు. ఆ దేశంలో పది రాష్ట్రాలూ, ఉత్తరాన మూడు మంచు ప్రాంతాలూ వున్నాయి. ఎవరి ఆసుపత్రులు వారివి, ఎవరి లెక్కలు వారివి. ఈ ఏర్పాటు 1867లో రాజ్యాంగం రాసుకొన్ననాటిది. ఆనాడు ఆసుపత్రిని పిచ్చాసుపత్రులతోనూ, ధర్మసంస్థలతోనూ ఒకే వరసలో చేర్చి రాష్ట్రాలకు వదిలారు. అంటువ్యాధి వచ్చిన ఓడల్ని ఆపడమూ, నావికుల ఆసుపత్రులూ మటుకు కేంద్రం తన దగ్గర వుంచుకొంది. ఆ రోజుల్లో కలిగినవాడికి వైద్యం ఇంట్లోనే జరిగేది, ఆసుపత్రికి వెళ్ళేవాడు దిక్కులేనివాడు. దిక్కులేనివాళ్ళ పనిగనుక రాష్ట్రాలకు అప్పగించారు. అదే ముందుముందు ప్రభుత్వాల ఖజానాలో సింహభాగం తినేసే పని అవుతుందని ఆ పెద్దలెవరూ ఊహించివుండరు. మన రాజ్యాంగంలో గూడా ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోనే వున్నాయి, ఆరో అంశంగా.

ఇలా పంచుకొన్న వైద్యం మంచిదా, అంతా ఒకేచోటునుంచి నడిపేది మంచిదా అని పండితులు పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. నాకు వాటికంటె సస్కాచెవాన్ కథే ఎక్కువ బోధపడింది.

అది గోధుమ పండే నేల. కనుచూపు మేర బల్లపరుపు. ఒక ఇంటికీ మరో ఇంటికీ మైలో రెండు మైళ్ళో దూరం. అలాంటి చోట డాక్టరు నిలవడు, రోగులు తగినంతమంది వుండరు గనుక. 1914లో సార్నియా అనే గ్రామీణ ప్రాంతంవాళ్ళు, తమ డాక్టరు వెళ్ళిపోతాడేమోనని భయపడి, పన్నుల డబ్బులోంచి ఏడాదికి 1500 డాలర్లు ఇచ్చి ఆపుకొన్నారు. వెనక మన పల్లెల్లో నలుగురూ కలిసి బడిపంతులికి గింజలు కొలిచి నిలుపుకొనేవారు చూడండి, అలాగన్నమాట. రెండేళ్ళకి రాష్ట్రప్రభుత్వం ఇలా చేయవచ్చునని చట్టం చేసింది. ఆ తరవాత ముప్ఫైలలో కరువొచ్చింది. వానలు లేక మట్టి గాలికెగిరిపోయింది, గోధుమ ధర పడిపోయింది. డాక్టర్లకి ఫీజుకి బదులు కోళ్ళూ, బంగాళాదుంపలూ ముట్టేవి.

ఆ రాష్ట్రానికి 1944లో ముఖ్యమంత్రి అయినవాడు టామీ డగ్లస్. స్కాట్లండులో పుట్టినవాడు. చిన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలి, ఎముకలో చీము పట్టింది. తండ్రి కార్మికుడు. విన్నిపెగ్‌లో ధర్మాసుపత్రిలో కాలు తీసేయాలన్నారు. ఒక పేరున్న శస్త్రవైద్యుడు అటువైపు వచ్చి, "నా విద్యార్థులు చూస్తూ వుండడానికి ఒప్పుకొంటే ఊరికే చేస్తాను" అని చేసి, కాలు నిలబెట్టాడు. తన కాలు దక్కింది అదృష్టంవల్లనే గాని హక్కువల్ల కాదని ఆయన పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకొన్నాడు. చర్చిలో బోధకుడిగా పనిచేసి, కరువు చూసి, రాజకీయాల్లోకి వచ్చాడు.

1946లో రాష్ట్రంలో ఒక మూల, స్విఫ్ట్ కరెంట్ అనే ప్రాంతంలో, అక్కడివాళ్ళే ఓట్లువేసి ఒప్పుకొని, అందరికీ వైద్యం అనే పద్ధతి మొదలుపెట్టారు. 1947 జనవరి ఒకటో తేదీనుంచి రాష్ట్రమంతటా ఆసుపత్రి భీమా వచ్చింది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, ఇంటిల్లిపాదికీ కలిపి 30 డాలర్లకు మించకూడదు. అది కట్టినవాడికి ఆసుపత్రి ఖర్చు లేదు. మిగతా దేశం ఇది చూసింది. 1957లో కేంద్రం చట్టం చేసి, ఇలాంటి పథకం పెట్టిన రాష్ట్రానికి సుమారు సగం ఖర్చు తాను భరిస్తానంది. 1958లో డబ్బు రావడం మొదలై, 1961కల్లా పది రాష్ట్రాలూ చేరాయి. ఒక చిన్న రాష్ట్రం మొదలుపెట్టిన పని కేంద్రం చేతికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈ అంకె కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

సగం ఖర్చు కేంద్రం మోసేసరికి సస్కాచెవాన్ చేతిలో కాస్త డబ్బు మిగిలింది. దాంతో డాక్టరు ఫీజు గూడా ప్రభుత్వమే ఇస్తుందన్నాడు డగ్లస్. 1962 జులై ఒకటిన ఆ చట్టం అమలులోకి వచ్చింది. ఆనాడే రాష్ట్రంలో డాక్టర్లు చాలామంది తలుపులు మూసేశారు. అత్యవసరానికి కొన్ని ఆసుపత్రులు మటుకు తెరిచివుంచారు. అప్పటికి డగ్లస్ జాతీయ రాజకీయాలకి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వున్న వుడ్రో లాయిడ్ వెనక బడిపంతులుగా పనిచేసినవాడు. బ్రిటనునుంచి విమానాల మీద డాక్టర్లని రప్పించాడు. తల్లులు పిల్లల్ని ఎత్తుకొని శాసనసభ ముందుకు వచ్చి "మా డాక్టర్లు మాకు కావాలి" అన్నారు. ఇరవైమూడు రోజులు గడిచాక, బ్రిటనునుంచి వచ్చిన లార్డ్ టేలర్ అనే డాక్టరు మధ్యవర్తిగా కూర్చుని రాజీ కుదిర్చాడు.

రాజీ ఏమిటంటే, అందరికీ వైద్యం అనేది నిలుస్తుంది. కాని డాక్టరు ప్రభుత్వపు జీతగాడు కాడు. తన కొట్టు తానే నడుపుకొంటాడు, చూసిన రోగికి ఇంత అని ప్రభుత్వంనుంచి తీసుకొంటాడు. దీన్ని నేను ఎందుకు పనిగట్టుకొని చెబుతున్నానంటే, ఆ తరవాత ఈ పథకం దేశమంతా పాకినప్పుడు, దానితోపాటు ఈ రాజీ గూడా పాకింది. ఒక ఊళ్ళో ఇరవైమూడు రోజుల తగువు తీర్చుకోవడానికి చేసుకొన్న ఒప్పందం, అరవై ఏళ్ళ తరవాత కూడా దేశంలో చాలామంది డాక్టర్లు బతికే పద్ధతి అయింది. పొరుగింటి పచ్చడి బాగుందని జాడీతో సహా తెచ్చుకొంటే, అందులో పడిన చీమలూ వస్తాయి.

లాయిడ్ 1964 ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచిన రాస్ థాచర్‌కి ఈ పథకమంటే ప్రేమ లేదు. అయినా తీసేయలేకపోయాడు, జనానికి అలవాటైపోయింది. 1968లో మటుకు, ఊరికే వస్తుందని జనం డాక్టర్ల దగ్గరకు ఎగబడుతున్నారంటూ వెళ్ళిన ప్రతిసారీ కాస్త రుసుము పెట్టాడు. దానితో బీదవాళ్ళు వెళ్ళడం తగ్గించారు. 1971లో తరవాతి ప్రభుత్వం ఆ రుసుము ఎత్తేసింది.

ఇంతలో కేంద్రంలో మరో కథ నడిచింది. డాక్టర్ల సంఘమే ప్రధానమంత్రిని అడిగి ఒక విచారణ సంఘం వేయించుకొంది, ప్రభుత్వాల జోరు తగ్గుతుందని కాబోలు. దానికి అధ్యక్షుడు ఎమ్మెట్ హాల్, సస్కాచెవాన్ న్యాయమూర్తి. సంప్రదాయవాదుల పార్టీవాడు. ఆయన దేశమంతా తిరిగి, అందరి మాటా విని, 1964లో సస్కాచెవాన్ పద్ధతే దేశానికంతకీ తగినదని రాశాడు. 1966లో చట్టమైంది, 1968లో అమలైంది, 1972కల్లా ఉత్తరాది ప్రాంతాలు గూడా చేరాయి.

ఇక్కడ కేంద్రం చేసిన చమత్కారం చూడండి. ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు, ఆసుపత్రులు రాష్ట్రాలవి. అంచేత "సగం నేనిస్తాను, నా షరతులు ఇవీ" అంది. చేరని రాష్ట్రపు ప్రజలు పన్నులు కడుతూనే వుంటారు, ఆ డబ్బు పొరుగు రాష్ట్రానికి పోతూ వుంటుంది. ఎంత పట్టుదల వున్న ముఖ్యమంత్రి అయినా ఎన్నాళ్ళు ఊరుకొంటాడు? కారాలూ మిరియాలూ నూరుతూనే ఒంటారియో 1969లో చేరింది. తరవాత కొన్నాళ్ళకి డాక్టర్లు ప్రభుత్వమిచ్చే ఫీజు పైన రోగి దగ్గర మరికొంత గుంజడం మొదలుపెడితే, 1984లో మోనిక్ బేగిన్ అనే మంత్రి మరో చట్టం తెచ్చింది. రోగి దగ్గర ఎన్ని డాలర్లు గుంజితే, కేంద్రం ఆ రాష్ట్రానికిచ్చే డబ్బులో అన్ని డాలర్లూ కోత. పార్లమెంటులో ఒక్కరూ వ్యతిరేకంగా ఓటు వేయలేదు. మూడేళ్ళలో ఆ గుంజుడు ఆగింది.

ఆ చట్టంలో అయిదు షరతులున్నాయి. వాటిలో ఒకటి, ఒక రాష్ట్రపువాడు మరో రాష్ట్రం వెళ్ళినా అతని వైద్యం అతని వెంట రావాలి అన్నది. మా మేనల్లుడికి మాంట్రియల్లో జ్వరం వచ్చినప్పుడు కుంటినడక నడిచింది ఈ షరతే. ఆసుపత్రుల ఖర్చు అన్ని రాష్ట్రాలూ తమలో తాము సర్దుకొంటాయి. డాక్టర్ల ఫీజు విషయంలో మటుకు క్విబెక్ రాష్ట్రం ఆ సర్దుబాటులో చేరలేదు. అంచేత బయటివాడు అక్కడ డాక్టరుకి డబ్బు కట్టి, రసీదు తన రాష్ట్రానికి పంపుకోవాలి. కాలు అక్కడే విరిగి ఆసుపత్రిలో పడివుంటే పడక ఖర్చు అడిగేవారు కారు. అంబులెన్సు మొదటినుంచీ ఈ షరతుల్లోనే లేదు. మందులూ లేవు, పళ్ళూ లేవు. ఆసుపత్రి గుమ్మం దాటిన తరవాత మందుల ఖర్చు రాష్ట్రానికో తీరుగా వుంటుంది. 2024లో కేంద్రం చట్టం చేసి, చక్కెరవ్యాధి మందులతోనూ గర్భనిరోధక సాధనాలతోనూ మొదలుపెట్టింది గాని, అది గూడా ఒప్పందం రాసుకొన్న రాష్ట్రాలకే.

ఇవన్నీ సర్దుకోదగిన లోపాలు. పెద్దలలో అయిదుగురికి ఒకరి చొప్పున తనదంటూ ఒక ఇంటిడాక్టరు లేడు, మోకాలు మార్పించుకోవాలంటే నెలల తరబడి కనిపెట్టుకొని వుండాలి, అవి గూడా తలనొప్పులే. డాక్టరు ఒక రాష్ట్రపు అనుమతి వున్నంత మాత్రాన పక్క రాష్ట్రంలో నాడి పట్టుకోకూడదు. అట్లాంటిక్ తీరాన వున్న నాలుగు చిన్న రాష్ట్రాలు మటుకు 2023లో ఒక్క పట్టికలో పేరుంటే నాలుగింటా వైద్యం చేయవచ్చునన్నాయి.

సర్దుకోలేని సంగతి మరొకటి వుంది. ఆ దేశపు ఆదివాసులలో గుర్తింపు పొందిన జాతుల ఆరోగ్యం కేంద్రపు బాధ్యత, తక్కినవారిలో దాదాపు అందరిదీ రాష్ట్రాలది. మానిటోబా రాష్ట్రంలో నార్వే హౌస్ అనే క్రీ తెగవాళ్ళ ఊరికి చెందిన పిల్లవాడు జోర్డన్ రివర్ ఆండర్సన్. 1999లో పుట్టాడు. పుట్టుకతోనే చిక్కు జబ్బులు, పుట్టినప్పటినుంచీ విన్నిపెగ్‌లో ఆసుపత్రిలోనే వున్నాడు. రెండేళ్ళు వచ్చేసరికి, తగిన ఏర్పాట్లు చేస్తే ఒక ఇంట్లో పెరగవచ్చునని డాక్టర్లు అన్నారు. ఆ ఏర్పాట్ల ఖర్చు ఎవరిదని కేంద్రమూ రాష్ట్రమూ తర్కించుకొన్నాయి. పిల్లవాడు ఆదివాసి గనుక మీదని రాష్ట్రం, వైద్యం గనుక మీదని కేంద్రం. రెండేళ్ళకు పైగా తర్కించుకొన్నాయి. పిల్లవాడు అయిదేళ్ళ వయసులో 2005లో ఆసుపత్రిలోనే చనిపోయాడు. ఒక్కరోజు ఒక ఇంట్లో పడుకోలేదు.

నేను క్లాసులో సమాసాలు చెబుతాను. రెండు పదాలకీ సమాన ప్రాధాన్యం వుంటే ద్వంద్వం. ఆ రెండింటికీ లేక, మూడో పదానికి ప్రాధాన్యం వుంటే బహువ్రీహి. కేంద్రమూ రాష్ట్రమూ కలిసినచోట ద్వంద్వమనే ఇద్దరూ అనుకొంటారు. కాని వైద్యం విషయంలో అది బహువ్రీహి. చక్రపాణి అంటే చక్రమూ కాదు, చెయ్యీ కాదు, విష్ణువు. ఈ పాఠం ఆ పార్లమెంటుకి 2007లో పట్టుబడింది. ఆదివాసి పిల్లల విషయంలో, ఏ ప్రభుత్వాన్ని ముందు అడిగితే అదే ముందు ఖర్చు పెట్టాలి, తగువు తరవాత తీర్చుకోవాలి అని ఏకగ్రీవంగా తీర్మానించారు. దానికి ఆ పిల్లవాడి పేరే పెట్టారు. పేరు పెట్టడమైతే పెట్టారు గాని, 2016లో మానవహక్కుల న్యాయపీఠం ఇంకా సరిగా అమలు చేయడం లేదని ప్రభుత్వాన్ని మందలించవలసివచ్చింది.

ఇలాంటి పద్ధతులకి మార్కులు వేసే పండితులు సాధారణంగా సగటు చూస్తారు. సగటు ఆయుర్దాయం ఇంత, తలసరి ఖర్చు ఇంత. నేను ఏటా పరీక్ష పేపర్లు దిద్దుతాను గనుక సగటు సంగతి నాకు తెలుసు. క్లాసు సగటు యాభైఅయిదు అంటే ప్రిన్సిపాలు సంతోషిస్తాడు, ఆఖరి బెంచీలో తొమ్మిది మార్కులవాడు అందులో కనబడడు. కెనడాకి ఉత్తరాన నూనావట్ అని వుంది. పాతిక ఊళ్ళు. ఒక ఊరినుంచి మరో ఊరికి రోడ్డన్నది లేదు, విమానమే. దేశపు సగటుకంటె అక్కడి ఆయుర్దాయం సుమారు పదేళ్ళు తక్కువ. చాలా ఊళ్ళలో గర్భిణి నెలలు నిండకముందే ఇల్లూ వాకిలీ, పెద్దపిల్లల్నీ వదిలి, విమానమెక్కి, వందలమైళ్ళ అవతలి పట్నానికి వెళ్ళి కాన్పుకోసం కూర్చోవాలి. పురిటినాడు పక్కన తల్లి వుండకపోవచ్చు, తన భాష మాట్లాడేవారు వుండకపోవచ్చు. కాన్పు ఉచితమే.

మన సంగతికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట మూడు జిల్లాలు, తరవాత రాష్ట్రమంతా. తెల్లకార్డు వున్నవాడు పెద్ద ఆసుపత్రిలో గుండె ఆపరేషను చేయించుకొని రావడం మనం చూశాం. దాని తరవాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ పేర్లతో అలాంటివి పెట్టుకొన్నాయి. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ అంది. 2007నుంచి 2018కి ఎన్నేళ్ళో లెక్కపెట్టండి. సస్కాచెవాన్ నుంచి ఒట్టావాకి పట్టినన్నే. జాడీ, చీమల మాట ఇక్కడా వుంది. ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బుకి, కోతకి పుట్టినది. రోజువారీ రక్తపుపోటు మాత్ర, చక్కెర మాత్ర చాలామంది జేబులోంచే కొనుక్కొంటారు. ఆ మాత్రే సరిగా పడితే ఆ కోతలు కొన్ని అక్కరలేకపోవును. ఢిల్లీకి చేరిన పథకంలో భీమా భాగం గూడా ఆసుపత్రి పడక చుట్టూనే తిరిగింది.

పొలిమేర సంగతి మరీ చేదు. 2014లో రాష్ట్రం రెండయింది. మనం నలభైఎనిమిదేళ్ళో, యాభైఎనిమిదేళ్ళో కట్టుకొన్న పెద్ద ఆసుపత్రులు చాలా హైదరాబాదులో వుండిపోయాయి. 1956నుంచి లెక్క వేసుకోండి, యాభైఎనిమిదే సరి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ తన ఆరోగ్యశ్రీని హైదరాబాదు, బెంగుళూరు, చెన్నైలలో కొన్ని ఆసుపత్రులకి విస్తరించింది. బాగానే వుందనుకొంటూ వుండగా 2021 మే నెల వచ్చింది. కోవిడ్ రెండో అల. ఆంధ్రనుంచి వచ్చే అంబులెన్సులని తెలంగాణా సరిహద్దులో పోలీసులు ఆపారు. ముందుగా అనుమతి వుంటేనే రావాలన్నారు. హైదరాబాదు పడకలు వున్నవాళ్ళకే చాలడం లేదన్న బాధా అబద్ధం కాదు. మే 14న తెలంగాణా హైకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపివేసింది.

సరిగ్గా అదే నెలలో కెనడాలో మానిటోబా రాష్ట్రపు ఆసుపత్రులు నిండిపోయాయి. ఊపిరి యంత్రాల మీద వున్న రోగులని విమానాలలో పక్కనున్న ఒంటారియోకి పంపారు, ఒంటారియో తీసుకొంది. అక్టోబరులో సస్కాచెవాన్‌కే ఆ గతి పట్టి, ఒంటారియోకే పంపుకొంది. అందరికీ వైద్యం అని మొదట అన్న రాష్ట్రం తన రోగులకి పడక లేక పొరుగింటి తలుపు తట్టింది. వాళ్ళేదో దేవతలని నేననడం లేదు. 2020లో అట్లాంటిక్ రాష్ట్రాలు కొన్ని స్వదేశీయులనే తమ గడప తొక్కనివ్వలేదు. కాని రోగిని తీసుకుపోయే విమానం బయలుదేరేముందు దాని ఖర్చూ, పడక ఖర్చూ ఎవరిదన్న ప్రశ్న అక్కడ ఎవరికీ అడ్డురాలేదు. ఏళ్ళతరబడి రాష్ట్రాలు తమలో తాము సర్దుకొంటున్న లెక్క ఒకటి అప్పటికే వుంది గనుక.

ఇదంతా మా అక్కయ్యకి ఫోనులో చెప్పాను. శ్రద్ధగానే విన్నది. క్విబెక్ సంగతి మళ్ళీ చెప్పించుకొంది.

"ఒరే, అదలా వుంచు. మన పాలమ్మ మొగుడికి గుండె బాగాలేదు. కూతురు హైదరాబాదులో వుంది, అక్కడికి తీసుకుపోదామంటోంది. వాళ్ళ కార్డు అక్కడ చెల్లుతుందా?"

"కొన్ని ఆసుపత్రుల్లో చెల్లుతుందక్కయ్యా. కొన్ని జబ్బులకి."

"ఏ జబ్బులకో ఒక కాగితంమీద రాసి పంపు. వాడికి ఆ జబ్బే తెచ్చుకోమని చెబుతాను."